చెంబుకు రెండు నీడలు

మొన్న బీపీ గోలీల కోసం సర్కారు దవాఖానకు పోతే, అక్కడ కొత్తగ వచ్చిన డాక్టరమ్మ, వయసుల మా బిడ్డకంటె చిన్నదే అయి ఉంటది, నా పేరు అడిగి, ఊరు అడిగి, ఇయ్యాల ఏ వారమో అడిగి, ఆఖరికి ఒక తెల్లకాగితం, పెన్ను ముందల పెట్టి తను చెప్పిన టైముకు ముండ్లు పెట్టి గడియారం బొమ్మ గియ్యమన్నది. పెద్దమనుషులకు మతి ఎట్ల పనిచేస్తున్నదో తెలుసుకునేటందుకు అట్ల గీయిస్తరట, నాకేం తెలుసు. గడియారం గియ్యమన్నది గదా అని తల ఎత్తి గోడ మీది గడియారాన్ని చూసిన. కింద కూసోని చూస్తె అది నిండు గుండ్రంగ ఉండదు, జర అణిగినట్టు కనపడ్తది. కిటికి కుడిదిక్కు ఉన్నది కాబట్టి ఎడమదిక్కు గోడ మీద సన్నగ నీడ పడ్డది, అద్దం మీద ఒక జాగల తెల్లటి మెరుపున్నది, అవన్ని చూసుకుంట నిమ్మలంగ గీసుకుంట పోయిన. ఆమె చెప్పిన టైము పెట్టుడు మర్చిపోయి, గోడ మీద ఎంతయ్యిందో అంతే పెట్టిన. ఆ పిల్ల కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నువ్వు పాసయినట్టా ఫెయిలయినట్టా నాకే సమజయితలేదని నవ్వి, ఇది ఎక్కడ నేర్చుకున్నవు తాతా అని అడిగింది. నా ఎనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నరు, అది ఒక్క మాటల ఒడిసే ముచ్చట కాదు. రామన్నపేటల అని చెప్పి గోలీలు తీసుకొని బయటపడ్డ. బస్సుల కిటికి పక్కకు కూసున్నంక ఆ యేడాది ముచ్చటంత ఒకదాని ఎనక ఒకటి యాదికి రాబట్టింది.

నేను పుట్టింది మగ్గం ఇంట్ల. మాది రామన్నపేట పక్కనే ఊరు, ఆ కాలంల మా వాడకట్టుల ఇంటింటికి మగ్గం గుంట ఉండేది, పొద్దుగాల లేస్తె చెవులకు మొదట వినపడేది మగ్గం చప్పుడే. నా పని నేతకంటె ముందుది, చిటికి కట్టుడు. తెల్వనోళ్ళకు చెప్తున్న, మా చీరల మీద పువ్వు నేసినంక అద్దింది కాదు. నెయ్యకముందే దారాన్ని చట్రానికి పట్టి, ఎక్కడ రంగు అంటొద్దో అక్కడ రబ్బరు పీలికెలతోని బిగ్గ గట్టి రంగుల ముంచుతం, ముడి ఇప్పితె కట్టిన జాగ తెల్లగ ఉంటది, కట్టని జాగ రంగు తాగుతది, ఆ దారాలు మగ్గం మీద పక్కపక్కన పడుకుంట పోతె పువ్వో చిలుకో లేసి వస్తది. దానికి ముందు గళ్ళ కాగితం మీద బొమ్మ గీసుకోవాలె. ఆ గీతల మా వాడకట్టుల నన్ను మించినోడు లేడని పేరుండె, నేను గూడ అట్లనే అనుకునేటోన్ని, అబద్ధమెందుకు. అయితె ఒక సంగతి చెప్పాలె, మేము ఎన్నడు నిండు పువ్వు గియ్యలేదు. సగమే గీస్తం. దారాన్ని మడత పెట్టి కడ్తం గనుక ఒక దిక్కు కట్టింది రెండో దిక్కు దానంతటదే వస్తది, ఒక చిలుకను గీస్తె దాని ఎదురుంగ రెండో చిలుక అడగకుండనే వచ్చి వాలుతది. నిండు బొమ్మ గీసుడంటె కాగితం దండుగ, కండ్లు దండుగ. ముప్ఫై ఏండ్లు నేను సగం పువ్వులు గీసి బతికిన మనిషిని.

తెలంగాణ వచ్చినప్పుడు మా వాడకట్టంత గులాలు చల్లుకున్నం, నా ఈడోళ్ళు చిన్నపిల్లల లెక్క ఎగిరిన్రు, నేను గూడ ఎగిరిన. ఆ మరుసటి యేడు చలికాలం, ఒకనాడు పొద్దుగాల చట్రం ముందల కూసోని ముడి ఏస్తుంటె, కుడిచేతుల రబ్బరు పీలిక ఉన్నదో లేదో నాకు తెలుస్తలేదు. చూస్తె ఉన్నది. చెయ్యే నాది కానట్టున్నది. ఇంటామెను పిలుద్దమంటె నోరు ఒక పక్కకు పోయింది. నల్లగొండ దవాఖానల పదిహేను దినాలున్నం. నోరు సక్కగయ్యింది, కాలు జర ఈడ్చుకుంట నడిచే కాడికి వచ్చింది, చెయ్యి గూడ లేస్తది, పట్టుకుంటది, కని దానికి సోయి రాలేదు. ఉడుకు తెల్వది, సల్లన తెల్వది. చిటికి ముడి కండ్లతోని చూసి ఏసేది కాదు, వేళ్ళ కొసలతోని ఎరిగి ఏసేది, ఆ కొసలకే తెలివి లేకపోతె ముడి పడదు.

చెయ్యికి ఒక్కదానికే సోయి పోయిందని డాక్టర్లు చీటి మీద రాసిన్రు గని, నా సంగతి నాకు తెలుసు, మనసుకు గూడ పోయింది. దుఃఖంల ఉన్ననని అందరు అనుకునేది. దుఃఖమైతె బాగుండు, దానికి ఒక పేరన్న ఉంటది. అదే యేడు మా పెద్దక్క పోయింది, నన్ను చంకనేసుకొని పెంచిన మనిషి. పాడె లేపేటప్పుడు అందరు గుండెలు బాదుకొని ఏడుస్తుంటె నేను ఆమె ఇంటి దర్వాజ పక్కన సున్నం పెచ్చు ఎన్ని జాగలల్ల ఊడిందో చూసుకుంట నిలబడ్డ. పెడ్తె తినేది, పెట్టకపోతె అడగకపోయేది. ఎవరన్న వచ్చి పలకరిస్తె వాళ్ళ నోరు కదులుడు చూసేది. మీలో ఎవరికన్న ఇట్లాంటిది జరిగి ఉంటె ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, జరగనోళ్ళకు ఎంత చెప్పినా అందదు.

మా ఇంటామె పని ఆసు పోసుడు, చిటికి కట్టేముందు దారాన్ని వరుస పెట్టుడు. ఆసు అంటె గోడకు ఆనించిన సగం చందమామ తీరు చట్రం, వంపు పొడుగున వరుసగ మేకులుంటయి, ఇటు నడిమిట్ల ఒక్కటే మేకు. దారం చేతబట్టి ఈ మేకు కాడికెల్లి ఆ మేకులకు, ఆ మేకుల కాడికెల్లి ఈ మేకుకు తిప్పుకుంట ఉండాలె, ఒక్క చీరకు సరిపోయే దారానికి పొద్దంత చెయ్యి ఆడుతనే ఉండాలె. అది ఆడోళ్ళ పని అని ఎవరు పెట్టిన్రో తెల్వదు, మా అమ్మ పోసింది, మా అక్క పోసింది, ఈమె పెండ్లి చేసుకొని వచ్చి ఈమె పోసింది. నా చెయ్యి పడకముందు మా ఇంటికి కావల్సినంతే పోసేది. పడ్డంక పక్కిండ్ల ఆసు గూడ కూలికి తెచ్చుకొని పోసుడు షురూ చేసింది. మాపటీలి పని ఒడిసినంక నూనె ఎచ్చబెట్టి, నా కుడిచెయ్యి తన ఒడిల పెట్టుకొని, మణికట్టు కాడికెల్లి వేలి కొసల దాక ఒత్తేది. వస్తది, జర ఓపిక పట్టు అనేది.

దవాఖానల చెయ్యికి కసరత్తు చేయించే మనిషి, పెన్సిలు పట్టుకొని ఏదన్న సన్నపు పని చెయ్యిమని చెప్పిందట. ఇంటామె ఆ మాట పట్టుకొని, నాకు చెప్పకుండనే రామన్నపేటల డ్రాయింగ్ సారు ఇంటికి పోయి, మా ఆయనకు బొమ్మలు నేర్పుమని అడిగి వచ్చింది. సారు హైస్కూలుల డ్రాయింగ్ మాస్టరు చేసి అప్పుడప్పుడే రిటైరయిండు, ఐతారం తప్ప కడమ దినాలల్ల పొద్దుగాల తన అరుగు మీద లోయర్ పరీక్ష రాసే పిల్లలకు నేర్పుతుండె. ఐతారం చర్చికి పోయేటోడు. నిజానికి ఆయన చిన్నప్పుడు నా తోటి తరగతే. వాళ్ళ తల్లిదండ్రులకు గుంట జాగ లేకుండె, దొర చేన్ల పనిచేసి పిల్లగాన్ని బడికి తోలిన్రు. అప్పట్ల ఆయన లెక్కల నోటుబుక్కు కోసం మా ఇంటికి వస్తె, మా అమ్మ గడప అవతల్నే నిలబెట్టి, దూపయితున్నదంటె పై నుంచి దోసిట్ల నీళ్ళు వొంపింది. నేను లోపల కూసోని చూసిన. అటువంటి మనిషి ఇంటికి యాభై దాటినంక నేను కాలీడ్చుకుంట పోతె, తన చేతులతోనే కుర్చి జరిపి, గిలాసల నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చిండు. అప్పుడు నాకు ఏమనిపించలేదు, తాగి గిలాస కింద పెట్టిన. సిగ్గు తర్వాత వచ్చింది, ఇప్పటికి పోలేదు.

పెన్సిలు సన్నగ ఉంటె నా చేతిలకెల్లి జారిపోతదని ఇంటామె దాని చుట్టు దారం మందంగ చుట్టి ఇచ్చింది. మొదటి దినం సారు ఒక స్టూలు మీద పాతచీర ముక్క పరిచి, ఇత్తడి చెంబు పెట్టి, చెంబుకు కుడిపక్కన రెండు ఉల్లిగడ్డలు, జర ముందలికి ఒక వంకాయ పెట్టి, చూసి గియ్యమన్నడు. నేను అలవాటు కొద్ది కాగితాన్ని నడిమికి మడత పెట్టిన. సగం చెంబు గీసిన, వెలుతురుకు పట్టి రెండో సగం దించిన. చెంబు కుడిపక్కన నీడ పడ్డది గదా, అది గీసిన, ఎడమపక్కకు గూడ అంతే నీడ వచ్చింది. స్టూలు మీద ఉల్లిగడ్డలు రెండు ఒక్క పక్కకే ఉన్నయి, నా కాగితం మీద చెంబుకు అటొకటి ఇటొకటి కాపలా కూసున్నయి. వంకాయకు జోడీ లేదు కాబట్టి దాన్ని సరిగ్గ నడిమిట్ల పెట్టిన. పిల్లలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్విన్రు. సారు నవ్వలేదు, కాగితం దగ్గరికి వంగి చూసి, “అన్నా, మీ ఇంటి కాడ సూర్యుడు రెండు దిక్కుల పొడుస్తడా?” అని నిమ్మలంగ అడిగిండు. ఎనకటి మనిషినైతె కోపానికి వచ్చేటోన్ని, ఏండ్ల సంది నేను గీసిన దానికి ఒకరు వంక పెట్టలేదు. దారం మడత పెడ్తె అట్లనే వస్తది సారూ అన్న. ఆయన స్టూలు దిక్కు చూపించి, “చెంబును ఎవ్వరు మడత పెట్టలేదు గదనే” అన్నడు.

మాన్పించుడు ఆయనకు ఒక్క దినంల కాలేదు. కాగితం మడత పెట్టకున్నా నా కన్ను మడత పెట్టేది. గిన్నెకు ఒక పక్క సొట్ట ఉంటె రెండో పక్క గూడ సొట్ట పెట్టేది, టీ కప్పుకు రెండు చెవులు పెట్టిన సంగతి పిల్లలు ఏడాది పొడుగున చెప్పుకున్నరు. ఆఖరికి సారు ఒక ఉపాయం చేసిండు. చెంబును చూడకు, ఉల్లిగడ్డను చూడకు, వాటి నడుమ ఉన్న సందును చూడు, ఆ సందు ఏ తీరుగున్నదో అదొక్కటి గియ్యి అన్నడు. ఒక కన్ను మూసి, పెన్సిలు ముందలికి చాపి, బొటనవేలితోని కొలుచుకొని గీసిన. సందుకు జోడీ ఉండదు, దానికి రెండో దిక్కు లేదు, అందుకే అది నాకు పట్టుబడ్డది. ఇంకొక మాట గూడ చెప్పాలె, ఏమీ లేని జాగను చూసుడు ఆ దినాలల్ల నాకు అలవాటైన పనే. చెంబు మీది మెరుపును పెన్సిలుతోని గియ్యరు, కాగితం తెలుపును అట్లనే విడిచిపెట్టి చుట్టు ముదురు చేస్తరు అని సారు చెప్పినప్పుడు, అది కట్టిన జాగ అన్న నేను. ఆయనకు సమజ్ కాలేదు. రంగు అంటొద్దనుకున్న కాడ కట్టుకుంటం గదా సారూ, అట్లనే అని చెప్తె ఆయన సంబురపడి, పిల్లల దిక్కు తిరిగి అన్న చెప్పింది వినుండ్రి అన్నడు.

అట్ల ఎండకాలం గడిచింది, వానకాలం వచ్చింది. జామకాయలు గీసిన, లాంతరు గీసిన, సారు చెప్పులు గీసిన, నీళ్ళు పోసిన గాజు గిలాస గియ్యబోయి నాలుగు దినాలు పారేసిన. సంతోషమని అనలేను. గీసినంతసేపు నన్ను ఎవరు ఏమీ అడగకపోయేది, నా లోపలి మొద్దుతనానికి ఒక పని దొరికింది, అంతే.

ఇటు ఇంట్ల ఒక లొల్లి నడుస్తుండె. మా బామ్మర్ది, అంటె ఇంటామె తమ్ముడు, అదే వాడకట్టుల నేస్తడు. చిటికి చట్రం, గళ్ళ కాగితాలు నాకియ్యి అక్కా, ఊకె చెదలు పడుతున్నయి, అందులకెల్లి వచ్చే పనిల మీకు గూడ ఇంత పెడ్త అని అడుగుతుండె. ఈమె ససేమిరా అన్నది. చెయ్యి వచ్చినంక ఆయన దేని మీద కడ్తడురా అని తమ్మున్ని ఎల్లగొట్టినంత పని చేసింది. నా చెయ్యి వచ్చేదాక ఇల్లు కదలకుండ పట్టుకోవాలె, అది ఆమె పంతం, అందుకోసమే ఇంకో ఇంటి ఆసు గూడ ఒప్పుకున్నది. అసలు సంగతి ఏందంటె, చెయ్యి ఇంక రాదని నాకు అప్పటికే తెలుసు. వచ్చేదేదన్న ఉంటె మొదటి ఆరునెలలల్లనే వస్తదని, అటెనుక ఆశ పెట్టుకోవద్దని దవాఖానల కసరత్తు చేయించే మనిషి నాతోని విడిగ చెప్పింది. నేను ఇంటికి వచ్చి చెప్పలేదు. ఇంటామె బాధపడ్తదని దాచిన అనుకుంటరేమో, అంత మంచితనం కాదు. చెప్పాల్నన్న పట్టింపే లేకుండె. దినాం ఆమె నూనె ఎచ్చబెట్టేది, నేను చెయ్యి చాపేది.

ఒకసారి సారు, ఇంటి కాడ నీకు కనపడ్డ వస్తువులనే పెట్టుకొని ఒక బొమ్మ కూర్చుకొని రా అన్నడు. మా ఇంట్ల వస్తువులకేం తక్కువ. పగటీలి అన్నం తిన్నంక, ఆసు చట్రానికి ఎదురుంగ పీట ఏసుకొని కూసున్న. గోడకు చట్రం, దాని పక్కన దారం కండెల గంప, గంప పక్కన నీళ్ళ చెంబు. ఇంటామె పొద్దటి సంది పోసి పోసి, అట్లనే గోడకు ఒరిగి కునుకు తీస్తున్నది. ఆమె లేస్తె గీద్దమని కొద్దిసేపు చూసిన. లేవలేదు. సరే, గంప ఎట్లనో చెంబెట్లనో ఈమె గూడ అట్లనే కదలకుండ ఉన్నది గదా అని ఆమెను గూడ బొమ్మల కలుపుకున్న. ఇప్పుడు ఈ మాట రాయాల్నంటె చెయ్యి వస్తలేదు, కని అప్పుడు నాకు తోచింది అదే.

ఒక కన్ను మూసి కొలుసుకున్న. గోడకు, ఆమె భుజానికి నడుమ సందు గీసిన, ఎడమ భుజం కుదిరింది. కుడి భుజం కాడ లెక్క తప్పింది, నా గీత రెండు వేళ్ళంత కిందికి వచ్చింది. రబ్బరుతోని తుడిచి మళ్ళ కొలిచిన, మళ్ళ కిందికే వచ్చింది. ఒరిగి పడుకున్నది గదా అందుకే అనుకున్న, కని ఒరిగింది ఎడమ దిక్కు, ఆ లెక్కన కుడి భుజం పైకి ఉండాలె. మూడుసార్లు తుడిచిన. సారు ఇన్ని దినాలు నేర్పినా నా కన్ను బాగుపడలేదని, తప్పు గీసిన కాగితాన్నే మరునాడు పట్టుకపోయిన.

సారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసిండు. పిల్లలను పంపించేసి నా పక్కకు వచ్చి కూసున్నడు. నువ్వు తప్పు గియ్యలేదన్నా, చెల్లె భుజం నిజంగనే పడిపోయింది అన్నడు. నన్ను చేర్చుకొమ్మని ఇంటామె అడగనీకె వచ్చిన నాడు, సారు భార్య చాయ ఇస్తె ఆమె ఎడమచేత్తోని అందుకున్నదట. ఎడమచేత్తోని తీసుకుంటున్న, ఏమనుకోకు వదినా, కుడిది లేస్తలేదు, ఆయనకు మాత్రం చెప్పకుండ్రి, ఆయన చెయ్యి వచ్చేదాక నడుపుకుంట అన్నదట. ఎనిమిది నెలల కిందటి మాట. ఈ ఎనిమిది నెలలు దినాం పొద్దుమాపు అదే ఇంట్ల, అదే మనిషి ఎదురుంగ కూసోని అన్నం తిన్నోన్ని నేను.

ఇంటికి పోయేసరికి ఆమె ఆసు ముందలనే ఉన్నది. చెయ్యి లేపు అన్న. ఏమయ్యింది అన్నది. పైకి లేపు, తల దాక లేపు అన్న. రొమ్ము ఎత్తు దాక వచ్చి ఆగింది, మొహం మాత్రం మామూలుగనే పెట్టింది. అప్పుడు చూసిన, ఆమె జడ ఏసుకుంటలేదు. పెండ్లయినప్పటి సంది జడ లేకుండ నేను ఆమెను చూసింది లేదు, అటువంటిది ఎన్ని నెలల సంది ఒంటిచేత్తోని ముడి చుట్టుకొని తిరుగుతున్నదో, ఆ ముడి గూడ పక్కింటామె పెడుతున్నదో, నాకు తెల్వదు. లేవని ఆ చెయ్యితోనే దినాం నా చెయ్యి ఒత్తింది. నా చెయ్యి ఇగ రాదు అన్న. కసరత్తు మనిషి ఎప్పుడో చెప్పింది, నాకు తెలుసు, నీకు చెప్పలేదు, చిటికి చట్రం మీ తమ్మునికి ఇచ్చెయ్యి అన్న. ఆమె దారం మేకుకు చుట్టి, చెయ్యి ఒడిల పెట్టుకొని, నా దిక్కు చూడకుండ, “గా ముచ్చట జర ముందుగాల చెప్పొద్దా” అన్నది. తిట్టలేదు. కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చింది. నాకు అప్పుడు గూడ కండ్లల్ల నీళ్ళు రాలేదు, కని ఆ మాపటీలి నూనె నేనే ఎచ్చబెట్టిన.

దవాఖానల చూసి భుజం పట్టేసిందని, లోపల నరం తెగిందని, ఇట్లనే ఇంకో యేడాది పోసి ఉంటె అసలుకే లేవకపోవునని చెప్పిన్రు. ఆసు బందు పెట్టించిన. చట్రం బామ్మర్ది తీసుకపోయిండు, వాని ఇంట్ల కూసోని నేను గళ్ళ కాగితం మీద గీసి ఇస్తున్న, కట్టుడు వాడే కడ్తున్నడు. ఇంటామె చెయ్యి భుజం ఎత్తు దాక వచ్చింది, అంతకు మించి రాలేదు.

కొన్ని దినాలకు సారు తన దగ్గర నేర్చుకున్నోళ్ళ బొమ్మలన్ని బడిల గోడలకు పెడుతున్న, ఆ ఆసు బొమ్మ తేవాలె అన్నడు. కాగితం తీసి చూస్తుంటె ఇంటామె చూసింది. అంతకుముందు ఎన్నడు నా బొమ్మల దిక్కు చూడలేదు. దాన్ని చేతిలకు తీసుకొని, “గిదేంది, నన్ను గిట్ల వంకరగ గీసినవ్” అన్నది. ఉన్నది ఉన్నట్టు గీసిన అన్న. ఇంట్ల ఒగరు పడ్డది చాలదా, నన్ను గూడ నలుగుర్ల పడేస్తవా, మంచిగ గియ్యి, రెండు సమానంగ గియ్యి అన్నది. సారు నేర్పింది ఒక దిక్కు, ఈమె మాట ఒక దిక్కు. రబ్బరు తీసుకొని ఆ భుజం తుడిచి, రెండు వేళ్ళు పైకి జరిపి గీసిన. ఎంతసేపు, చాయ తాగినంత సేపు గూడ పట్టలేదు. సారు గోడకు పెట్టేటప్పుడు చూసిండు, ఆయనకు తెలుసు. మేకు కొట్టి తగిలేసిండు.

సారు కరోనా కాలంల పోయిండు. మన్ను పెట్టేటప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆగలేదు, మా అక్క కోసం రావాల్సింది గూడ అప్పుడే వచ్చిందనుకుంట. ఆయన అరుగు మీద ఇప్పుడు జిరాక్సు దుకాణం పెట్టిన్రు. పిల్లలు ఫోటో తీసి ఫోనులనే పెన్సిలు బొమ్మ చేసుకుంటున్నరు, అది గూడ మంచిగనే వస్తది. మా వాడకట్టుల సగం మగ్గాలు లేవు, వయసోళ్ళు పొద్దుగాల బస్సెక్కి చౌటుప్పల్ కంపెనీలకు పోతున్నరు. ఆసుకు మిషన్లు వచ్చినయి. బామ్మర్ది ఇంట్ల గూడ పెట్టిన్రు, వాని కోడలు పిల్ల దారం తగిలిచ్చి పక్కకు కూసోని ఫోను చూసుకుంటది, చెయ్యి ఆడుడు మిషనే ఆడుతది. ఆ పిల్ల భుజాలు రెండు సమానంగ ఉంటయి. నా ఈడోళ్ళు పాతకాలమే మంచిదని అంటరు, ఆ పిల్లను చూసినంక నాకు ఆ మాట నోట్లెకెల్లి రాదు.

బడిల పెట్టుడు ఒడిసినంక తెచ్చిన బొమ్మ ఇప్పుడు మా ఇంట్లనే గోడకున్నది. వచ్చినోళ్ళంత అచ్చం ఆమె తీరుగనే ఉన్నదంటరు. పొద్దుగాల తానం చేసినంక ఆమె దువ్వెన నా చేతికిచ్చి అటు తిరిగి కూసుంటది, ఇన్నేండ్ల సంది జడ నేనే ఏస్తున్న. కుడిచేతి వేళ్ళకు ఎంట్రుకలు ఉన్నయో లేవో తెల్వదు, ఒక్కొక్క పాయను కండ్లతోని చూసుకుంట అల్లాలె, అందుకే వంకరగ వస్తది, దినాం సణుగుతది. ఎనకకెల్లి చూస్తె కుడి భుజం ఇప్పటికి రెండు వేళ్ళు కిందికే ఉంటది. ఒక యేడాది ముందుగాల చూసి ఉంటె అని అప్పుడు అనిపిస్తది. జడ కొసకు ముడి ఏసి లేస్త.